ఖండువులాదేవి చేయించిన శిలామూర్తి – లజ్జాగౌరీరూపముల పూజార్థము

దక్షిణాపథమున క్రీస్తుశకారంభమునుండి 8వ శతాబ్దివఱకు చెక్కబడిన స్త్రీమూర్తులలో విలక్షణమైన వర్గ మొకటి గలదు. ఈ మూర్తి నగ్న. మోకాళ్లు ఇరుప్రక్కలకు విచ్చి మడవబడి, అరికాళ్లు పైకి కానవచ్చునట్లుండును. పెక్కు ప్రతిమలకు శిరస్సు లేదు. తల యుండవలసినచోట వికసితపద్మ ముండును. కొన్నింటికి బాహువులును లేవు. కొన్ని అరచేతిలో నిముడు మట్టిబిళ్లలు. కొన్ని మనుష్యప్రమాణమునకు చేరువయైన పెద్దశిలలు. మహారాష్ట్రమునందలి తేరు, భోకర్దను మొదలగు తావులను, కర్ణాటమునందలి మహాకూటము, నాగనాథకొళ్ల యనుచోట్లను, మన దేశమున అలంపురమునందును, నాగార్జునకొండయందును ఇట్టివి లభించినవి. నేటి పురావస్తుగ్రంథములలో వీని కన్నింటికిని లజ్జాగౌరి యని పేరు. ఈ మూర్తిని ఎవరు, ఏమి కోరి, ఏ సమయమున పూజించిరి అను ప్రశ్నకు పండితులు పలువురు పలువిధముల నుత్తరము చెప్పిరి. ఆ యుత్తరములలో పెక్కులు ప్రతిమయొక్క ఆకృతిని మాత్రమే యాధారముగా గొన్నవి. నాగార్జునకొండ ప్రతిమమీద అక్షరములు గలవు. వాని నాధారముగా గొని యీ విషయమును విచారించుట యీ వ్యాసమున చేయదలచిన పని.

ముందుగా పేరును పరీక్షింపవలసియున్నది. ఏలన పేరు పెట్టినవారి యూహయే పలుమాఱులు వస్తువునకు అర్థముగా చెల్లిపోవుచుండును. లజ్జాగౌరి యను సమాసమును రెండువిధముల విడదీయవచ్చును. లజ్జతో గూడిన గౌరి యన్నచో మధ్యమపదలోపి. లజ్జయే గౌరి యన్నచో అవధారణపూర్వపద కర్మధారయము. దేవీమాహాత్మ్యమున లజ్జ దేవీరూపములలో నొకటిగా స్తుతింపబడినది గనుక రెండవ విగ్రహవాక్యమునకును శాస్త్రబలము గలదు. లోకమున వ్యాపించినది మాత్రము మొదటిదే. గౌరి శివునితో నేకాంతమున నుండగా భక్తు డొకడు లోనికి వచ్చెననియు, ఆమె సిగ్గుపడి మొగమును దాచుకొనెననియు, అందుచే ప్రతిమకు తల లేదనియు కన్నడ మహారాష్ట్రదేశములందు కథ చెప్పుదురు. ఇది ప్రతిమను చూచి యల్లిన కథయే కాని, కథను విని చెక్కిన ప్రతిమ కాదు. తల లేకపోవుటకు కారణము చెప్పిన యీ కథ, తలకు మాఱుగా తామర యేల యున్నదో చెప్పజాలదు. అంతియకాక యీ మూర్తులయందు సిగ్గు ఛాయామాత్రముగనైనను కానరాదు. అలంపురపు దేవి చేతుల నెత్తి పద్మములను పట్టి, కూర్చున్న తీరున నెట్టి సంకోచమును లేక యున్నది. అమరసింహుడు నగ్నికకు పర్యాయముగా కోటవీశబ్దమును చెప్పియుండుటచే ఈ మూర్తిని కోటవి యనవచ్చునా యని శంకింపవచ్చును. కాని హరివంశమునందలి కోటవి బాణాసురుని గాచుటకై రణమధ్యమున నిలువబడిన దేవత. ఆసనభేదము స్పష్టము గనుక ఆ పేరు నిచట విడుచుటయే మేలు.

అక్షరములు లేని శిలల విషయమున ఎంతవఱకు నిశ్చయింపవచ్చునో తెలిసికొనుటకు దేశాంతరమును చూచుట యుపయోగకరము. కొలంబసు 1492లో సముద్రమును దాటుటకు పూర్వము అమెరికాఖండమున వసించిన జాతులు శిలామూర్తులను విస్తారముగా చెక్కిరి. దక్షిణామెరికాలో ఈక్వడారుదేశపు సముద్రతీరమున మనాబియను సీమ గలదు. అచ్చటి కొండలపై లభించిన శిలాఫలకములను మార్షల్ సావిల్ అను పండితుడు 1907, 1910 సంవత్సరములలో రెండు సంపుటములుగా ప్రకటించెను. ఆ ఫలకములపై మోకాళ్లను విచ్చి కూర్చున్న స్త్రీరూపములు గలవు. చూచినవా డెవడైనను అలంపురపు దేవిని స్మరింపక మానడు. కాని యా జనులకు లిపి లేదు. ఆ స్త్రీ దేవతయో, పూజారిణియో, గృహస్థురాలో ఫలకము చెప్పదు. మెక్సికోనగరమున 2006లో ప్రధానాలయపు శిథిలములయొద్ద బయల్పడిన త్లాల్తెకూత్లి యను భూదేవి శిల సంగతి వేఱు. నాలుగు మీటరులకు మించిన పొడవుగల యా యేకశిలయందును దేవి మోకాళ్లు విచ్చియే యున్నది. స్పానియులు 1521లో ఆ నగరమును జయించిన పిమ్మట 16వ శతాబ్దిలోనే అచ్చటి జనుల పురాణకథలు వ్రాతలో నిలిచినవి. వానివలన ఆ దేవి యన్నమును పుట్టించునదియు, మనుష్యుల రక్తమును కోరునదియు నగు భూమి యని తెలియుచున్నది. ఆసన మొక్కటే, మనాబిలో అర్థము తెలియదు, మెక్సికోలో తెలిసినది, తెలిసిన యర్థము మన దేవికి సరిపడదు, ఏలన మన మూర్తియందు క్రౌర్యచిహ్నము లేవియు లేవు. గ్రీకుల బౌబో, ఐర్లండు చర్చిగోడలమీది షీలాప్రతిమలు మొదలగువానిని కొందఱు ఈ పంక్తిలో చేర్చుచున్నారు. ఆకృతిసామ్యమును బట్టి అర్థసామ్యమును చెప్పుట వ్యాకరణమున రూపసామ్యమును బట్టి ధాతువును నిర్ణయించుట వంటిది. ఒకానొకప్పుడు సరిపోవచ్చును, పలుమాఱులు తప్పును.

మన తెలుగునేలమీదనే మాటాడని శిలలు కొల్లలుగా గలవు. జీడిమెట్లకు సమీపముననున్న హష్మత్‌పేటయందు బృహచ్ఛిలాయుగపు గోరీలు గలవు. గుండ్రముగా పేర్చిన బండలు, లోపల రాతిపెట్టెలు. గోదావరికి దక్షిణమున ములుగు ప్రాంతపు టడవులలో ఆ యుగమునకు చెందిన గోరీలయొద్ద స్త్రీరూపముగా మలచిన శిలలును గలవు. జనులు వీనిని రాకాసిగుళ్లనియు, పాండవులగుళ్లనియు పిలుతురు. ఆ పేళ్లు మన వెఱగును తెలుపునే కాని, నిర్మించినవారి యుద్దేశమును తెలుపవు.

ఇక నాగార్జునకొండ. కృష్ణాతీరమున మూడువైపుల కొండలచే చుట్టబడిన యీ లోయలో ఇక్ష్వాకురాజుల విజయపురి యుండెను. 1926లో రంగస్వామి సరస్వతిగా రీ స్థలమును గుర్తించిరి. 1927 మొదలు 1931 వఱకు లాంగ్‌హర్‌స్టు దొర త్రవ్వించెను, 1938లో టి. ఎన్. రామచంద్రన్ గారును, జలాశయనిర్మాణము నిశ్చితమైనపిదప 1954 మొదలు 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యము గారును త్రవ్వకములు సాగించిరి. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. లోయ యంతయు నీట మునిగినది. శిల్పములును, కొన్ని కట్టడములును కొండశిఖరమునకు చేర్పబడినవి; ఆ శిఖరమే నేటి ద్వీపము.

ఆ నగరమందలి రాజకులపు మతాచారము తెలిసినగాని ప్రస్తుతశిల యర్థము కాదు. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అగ్నిష్టోమ వాజపేయాశ్వమేధములు చేసిన వైదికుడు. అతని సోదరి చాంతిసిరి మహాచైత్యమునకు దానమిచ్చిన బౌద్ధోపాసిక. తరువాతి రాజులకాలమునను అంతఃపురస్త్రీలు బౌద్ధవిహారములను కట్టించుచునే యుండిరి. మాఠరీపుత్ర వీరపురుషదత్తుని కుమారుడైన ఎహువుల చాంతమూలుని కాలమున కార్తికేయునకును, శివునకును, అష్టభుజస్వామికిని కోవెలలు వెలసినవి. పిల్లలను గాచు హారీతికిని అచట ఆలయ ముండెను. ఒకే గృహమున భర్త యజ్ఞము చేయుచుండగా భార్య చైత్యమును పూజించుట యా కాలమువారికి వింతగా తోచలేదు. ఈ రెండు మార్గములకును వెలియైన మూడవ పూజ యొకటి యా యంతఃపురముననే యుండెనని తెలుపునది ఖండువులాదేవి శిల.

ఇది సున్నపురాతిలో చెక్కిన నగ్నస్త్రీమూర్తి. నడుమునకు పైభాగము విఱిగిపోయినది. మిగిలినభాగమున మోకాళ్లు విచ్చి మడచిన యాసనము స్పష్టము. దానిమీది ప్రాకృతశాసనము ఎపిగ్రాఫియా ఇండికా 29వ సంపుటమున ప్రకటితమైనది. మిక్కిలి చిన్న శాసనము. మహారాజు ఎహువుల చాంతమూలుని మహాదేవియైన ఖండువుల యని రాణి పేరు చెప్పి, ఆమెకు అవిధవా యనియు, జీవపుతా యనియు రెండు విశేషణములను చేర్చినది. శాసనలిపియు, రాజనామమును కాలమును చెప్పుచున్నవి, క్రీ. శ. 3వ శతాబ్ద్యంతము, లేక 4వ శతాబ్ద్యారంభము. ఈ వర్గపు మూర్తులలో ఇంత స్పష్టముగా చేయించినవారి పేరును కాలమును చెప్పునది మఱియొకటి లేదని చెప్పవచ్చును. అట్టి శిలమీది పదములను రెండింటిని సామాన్యముగా బిరుదములని చూచి దాటిపోవుచుందురు. అవి బిరుదములు కావు.

అవిధవాశబ్దమును ముందు చూతము. విధవయనగా ధవుడు పోయినదని లోకప్రసిద్ధి. యాస్కుడు నిరుక్తమున విధవాశబ్దమునకు పెక్కు నిర్వచనములు చెప్పి, ధవశబ్దము మనుష్యవాచి యను పక్షమును చివర నుదాహరించెను. తులనాత్మకభాషాశాస్త్రము తెలిసినవారు లాటినుభాషయందలి విదువా, ఇంగ్లీషుననున్న విడో యను శబ్దములతో దీనిని పోల్చి, విధవాశబ్దమే ప్రాచీనమనియు, దానిలోని వి యనునది ఉపసర్గ యని భ్రమించి ధవశబ్దమును పిమ్మట వేఱు చేసిరనియు చెప్పుచున్నారు. ఇది సరియైన మార్గముగనే తోచుచున్నది. ఎట్లైనను అవిధవ యనగా భర్త జీవించియున్న స్త్రీ. ఋగ్వేదము దశమమండలమునందలి మృతసంస్కారసూక్తమున (10.18) ఈ శబ్దము బ్రదికియున్న స్త్రీలయెడ మంగళవాచకముగా ప్రయుక్తమైనది. మృత్యువునకు దగ్గఱగా నిలిచి పలికిన మాట యిది యని గుర్తింపవలెను. మృత్యుభయము లేనిచోట అవిధవ యనుటకు పని లేదు.

జీవపుతా యనునది సంస్కృతమున జీవపుత్రా. జీవించియున్న పుత్రులు గలది యని బహువ్రీహి. సాతవాహనరాజగు గౌతమీపుత్ర శాతకర్ణి తన 24వ రాజ్యవర్షమున నాసికయందు వేయించిన శాసనమున అతని తల్లికి జీవసుతా యను విశేషణము కలదు. అచట కొడుకు రాజై శాసనము వేయించుచుండగా, తల్లికి జీవసుత యను మాట యెంత గౌరవప్రదమో చెప్పనక్కఱలేదు. గృహ్యసూత్రములలో ఇట్టి శబ్దములకు నియతమైన తావు గలదు. గోభిలగృహ్యసూత్రమున సీమంతోన్నయనసమయమందు బ్రాహ్మణస్త్రీలు గర్భిణిని చుట్టి కూర్చుండి, వీరుని కనుమనియు, జీవించు బిడ్డను కనుమనియు, జీవించు భర్తతో నుండుమనియు మంగళవాక్యములు పలుకవలెనని విధి. కనుట వేఱు, కన్నబిడ్డ బ్రదుకుట వేఱు అని యా స్త్రీలకు తెలియును. ఖండువుల తన్ను పుత్రవతి యని చెప్పించుకొనలేదు. జీవపుత్ర యని చెప్పించుకొన్నది.

ఇచట ముఖ్యమైన ప్రశ్న కలుగుచున్నది. ఈ విశేషణములు సిద్ధమును చెప్పుచున్నవా, సాధ్యమును చెప్పుచున్నవా? అనగా, భర్తయు కొడుకులును బ్రదికియుండగా రాణి యీ శిలను చేయించెనా, లేక బ్రదుకుదురు గాక యని కోరి చేయించెనా? ఆశీర్వాదమునందు లోట్టును, ఆశీర్లిఙ్ఙును ప్రయోగింతురు. ఇచట అట్టి క్రియాపదము లేదు. ఉన్నవి కర్త్రికి విశేషణములైన సుబంతములు మాత్రమే. శబ్దమర్యాదను బట్టి చూడగా సిద్ధార్థమే చెప్పవలెను. ఐనను మంగళవాచకములయందు సిద్ధముగా పలికినదే సాధ్యమై యుండుట సంప్రదాయము. దీర్ఘసుమంగళి యని పెద్దలు నవవధువును పిలుచునపుడు, దీర్ఘకాలము గడచిన పిదప పిలుచుట లేదు గదా. రెండర్థములును ఇచట కలిసియే యున్నవని చెప్పుట యుక్తము. కలిగిన సౌభాగ్యమును చెప్పుకొనుట, అది నిలుచుగాక యనుట. రెండును ఒకే మాటలో నిమిడియున్నవి.

ఈ నిర్ణయమువలన ఫల మేమనగా, ఈ మూర్తి కేవలము గొడ్రాండ్రు సంతానమును కోరి పూజించిన దేవతయను సామాన్యవాదము ఖండువుల విషయమున నిలువదు. ఆమె గొడ్రాలు కాదు. పిల్లలు గల తల్లి. పెక్కు ప్రతిమలయందు శిశువు కానరాకపోవుటయు ఈ విషయమున గమనింపదగినది. ప్రసవసమయపు దేవత యనువారు ఆసనమును మాత్రమే చూచుచున్నారు. విహారదానములలోని స్త్రీశాసనములతో పోల్చినచో భేదము మఱియు స్పష్టము. చాంతిసిరి తన పుట్టింటికిని మెట్టినింటికిని హితసుఖములను, తనకు నిర్వాణమును కోరినది. ఖండువుల నిర్వాణమును కోరలేదు, స్వర్గమును కోరలేదు. భర్త, బిడ్డలు, ప్రాణము – ఇంతియే. ఆమె కోరిక యంతయు నీ లోకముననే యున్నది.

ఈ మూర్తుల కర్థము చెప్పినవారిలో స్టెల్లా క్రామ్రిష్ పండితురాలు ప్రసిద్ధురాలు. 1956లో ఆమె అలంపురపు ప్రతిమను ఋగ్వేదమునందలి అదితిగా, ఉత్తానపద్‌గా గుర్తించినది. దశమమండలపు 72వ సూక్తమున భూమి ఉత్తానపద్‌వలన పుట్టినట్లు చెప్పబడినది. ఆ చేరువనే అదితి ప్రసక్తియు గలదు. అరికాళ్లు పైకి చాచినది యనుట ఉత్తానపద్ అను శబ్దమునకు చక్కగా సరిపోవుచున్న మాట నిజమే. కాని శబ్దశాస్త్రదృష్టిచే చూచినచో ఇందొక చిక్కు గలదు. సూక్తమున ఆ శబ్దము పంచమ్యేకవచనమున ఉత్తానపదః అని యున్నది. హలంతశబ్దము గనుక పుంలింగమునను స్త్రీలింగమునను ఆ రూప మొక్కటే. పాచ్ఛబ్దాంతములకు స్త్రీత్వమున ఙీప్ప్రత్యయము వికల్పమని పాణిని (4.1.8) చెప్పెను గాన, ప్రత్యయము లేకపోవుటను బట్టి పుంలింగమని యనలేము, స్త్రీలింగమనియు అనలేము. పురాణములలో ఉత్తానపాదుడు ధ్రువుని తండ్రి, పురుషుడు. క్రామ్రిష్ పండితురాలి యూహ రమణీయము; కాని సూక్తమునకును, అలంపురపు శిలకును నడుమ వేయేండ్లకు మించిన యెడము గలదు. ఆ యెడమును పూరించు వాక్య మేదియు లేదు. ఖండువుల శాసనమున అదితి పేరు లేదు.

కారల్ బోలన్ పండితురాలు 1992లో ప్రకటించిన గ్రంథమున మార్గము వేఱు. ఆమె ప్రతిమలను నాలుగు తెగలుగా విభజించినది. మొదటి తెగలో మనుష్యదేహమే లేదు. పూర్ణకుంభమువంటి యుదరము, దానినుండి వెడలిన కాళ్లు, పైన పద్మము. రెండవదానిలో స్తనములతో గూడిన దేహము వచ్చినది, మూడవదానిలో చేతులు, నాలుగవదానిలో మనుష్యముఖము. కుండయే క్రమముగా దేవి యైనదని ఈ విభాగమువలన తోచుచున్నది. తల లేని దేవి యని వాపోవుట కంటె, తల తామరగా వికసించిన కుంభమని చెప్పుట యీ ప్రతిమలకు సరిపడును. పూర్ణకుంభముపై పద్మము శ్రీచిహ్నమని అమరావతీశిల్పములను చూచినవారందఱు నెఱుగుదురు. ఈ వాదమే బలవత్తరము. ఖండువుల మూర్తికి పైభాగము లేకపోవుటచే, అది యే తెగకు చెందునో చెప్పుటలో అభిప్రాయభేదములకు తావున్నది; కోరికను తెలుపు పదములు మాత్రము మిగిలినభాగముననే యుండుట మన యదృష్టము.

అలంపురమునందలి దేవి కథ యీ కుంభవాదమునకు భిన్నముగా నడచినది. బాదామి చాళుక్యులకాలపు నవబ్రహ్మాలయములలో ముఖ్యమైన బాలబ్రహ్మేశ్వరాలయమున ఈ ప్రతిమ చిరకాలము పూజలందుకొన్నది. సంతానము కోరువా రీమెను భూదేవి యని కొలిచెడివారు. పరశురాముడు తండ్రి యాజ్ఞచే రేణుక శిరస్సును ఖండింపగా, శిరస్సు ఎల్లమ్మ యయ్యెననియు, మొండెము భూదేవియై యిచట నిలిచెననియు స్థలమున కథ గలదు. కన్నడదేశపు కథలో సిగ్గు; తెలుగుకథలో కొడుకు చేతి గొడ్డలి. రెండును తల యేమయ్యె నను నొక్క ప్రశ్నకే యుత్తరములు. కాని తెలుగుకథకు విశేష మొకటి యున్నది. వధింపబడిన తల్లి పూజ్యురాలైనది, ఆమెను కొలుచువారు బిడ్డలను కోరువారు. పిమ్మట నీ ప్రతిమ అలంపురపు పురావస్తుశాలకు చేరినది. శిల్పమునకు రక్షణ కలిగినది, సత్యమే. పూజ నిలిచినది. 8వ శతాబ్ది శిలయొద్ద 20వ శతాబ్ది స్త్రీ యేమి కోరెనో, ఏ దినమున వచ్చెనో, ఏమి సమర్పించెనో ప్రతిమను కొలిచి చిత్రించిన పత్రములంత శ్రద్ధగా వ్రాసి యుంచవలసినది. శిలను తరలించునపుడు దాని యాచారమునుగూడ లిఖించుట పురావస్తుశాఖవారి విధులలో నొకటి కావలెను.

ఖండువుల పలుకులకు మరల వత్తము. తెలుగున భర్త గల స్త్రీని ఐదువ యందురు. పసుపు, కుంకుమ, గాజులు, మట్టెలు, మంగళసూత్రము అను నైదును గలది గనుక ఐదువ యని కొందఱు వ్యుత్పత్తి చెప్పుచుందురు. ఇది వినుట కింపైనది, కాని వ్యుత్పత్తి కాదు. అవిధవాశబ్దమే మహాప్రాణమును విడిచి, వికారము యకారమై, అయిదవ యనియు ఐదువ యనియు మాఱినది. కన్నడమునను ఐదె యను రూపము దీనినుండియే పుట్టినదని పండితులు చెప్పుదురు. ముత్తైదువ యనుటలో ముత్తశబ్దము ముత్తాత, ముత్తవ్వలయందువలె పెద్దఱికమును చెప్పునదిగా తోచుచున్నది. విజయపురిరాణి శిలమీద చెక్కించుకొన్న శబ్దము పదునాఱు వందల యేండ్లకు పైగా తెలుగిండ్ల గడపలయొద్ద పేరంటపు పిలుపులలో నిలిచియున్నది. సంస్కృతము చదువని యిల్లాలు పలుకు నీ మాటను ఆ రాణి వినియుండినచో గుర్తించి యుండును.

పేరంటములలోని దేవతయు గౌరియే. వివాహమందును, శ్రావణమంగళవారపు నోములందును పసుపును ముద్దచేసి గౌరి యందురు. ఆ ముద్దకు మొగము లేదు. కన్నులు, ముక్కు చెక్కరు. మొగము లేని గౌరి తెలుగుస్త్రీలకు లోపముగా నెన్నడును తోచలేదు. తెలంగాణమున ఆశ్వయుజమున జరుగు బతుకమ్మపండుగలో తంగేడు, గునుగు పూవులను వరుసలుగా పేర్చి, శిఖరమున పసుపుగౌరమ్మ నుంతురు. ధర్మాంగదుడను రాజునకు నూర్గురు కొడుకులు గతింపగా, పిమ్మట పుట్టిన బిడ్డను బ్రదుకుమని దీవించి బతుకమ్మ యనిరని యొక కథ ప్రచారమున నున్నది. బతుకు, జీవ, ఐదువ, అవిధవ. రాణి యడిగిన రెండును ఇచట నున్నవి. అంతమాత్రమున నాగార్జునకొండ మూర్తియే బతుకమ్మ యైనదని చెప్పుట సాహసము. శిలకును పూవులపేర్పునకును నడుమ శాసనము లేదు, గ్రంథము లేదు. కోరిక యొక్కటియే యగుట మాత్రము సత్యము. అది యొక వంశవృక్షమునకు చాలదు. ఇట్టిచోట్ల అత్యుత్సాహముచే పరంపరలను కల్పించినవారి వ్రాతలు కొంతకాలము చప్పట్లు పొంది పిమ్మట నెవరికిని పనికిరాకుండ పోయినవి.

కుండ విషయము వేఱు. అది వస్తువు, పోల్చి చూడదగినది. నేడు కర్మాగారములతో నిండియున్న జీడిమెట్ల పూర్వము చెఱువుల నాశ్రయించి బ్రదికిన పల్లె. ఆ ప్రాంతపు చెఱువుకట్టలమీద మైసమ్మ వెలసినది. సూరారపు కట్టమైసమ్మ జాతర ప్రసిద్ధము. ఆషాఢమున బోనములు వచ్చును. బోనము భోజనశబ్దభవము, జకారము లోపించి స్వరసంధి యైనది. క్రొత్తకుండకు సున్నము, పసుపు, కుంకుమ పూసి, అందు అన్నము వండి, వేపమండలు చుట్టి, పైన దీపము నిలిపి స్త్రీలు తలకెత్తుకొందురు. దేవిని ఘటముగా నిలిపి యూరేగించుటయు నీ యుత్సవముననే గలదు. కుంభోదరముపై పద్మముగల శిలను, వేపమండలతో దీపముతో నున్న ఘటమును ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, దేవిని మనుష్యాకృతితోనే తలపవలెనను నియమము మన దేశపు స్త్రీలకు లేదని తేటపడును. బోలన్ పండితురాలి మొదటి తెగ ప్రతిమలు చూచువారికి వికృతములుగా తోచుటకు కారణము, వానిని దేహము కొఱతపడిన స్త్రీగా చూచుటయే. ఘటముగా చూచినచో కొఱత యేదియు లేదు. కుండకు కాళ్లు చేర్చినది శిల్పి. కుండను దేవిగా నెఱిగినవారు అంతకుముందే యున్నారు. మహారాష్ట్రమున ఇనాంగావు త్రవ్వకములలో క్రీ. పూ. 1300 ప్రాంతపు శిరోరహితస్త్రీప్రతిమ యొకటి ఇంటినేలక్రింద మట్టిపెట్టెలో భద్రపఱచియుండగా దొరకినది. కోవెలలో కాదు, ఇంట దొరకిన దనుట గమనింపదగినది. ఈ పూజకు పురోహితునికంటె గృహిణియే ముఖ్యురాలని దీనివలన నూహింపవచ్చును. ధర్మశాస్త్రకర్తలు దీనిని గుఱించి మౌనము వహించుట కిదియే కారణము కావచ్చును. వారు వ్రాసినది పురుషుల కర్మలను గుఱించి.

పురావస్తుశాలలలో నీ ప్రతిమలక్రింద లజ్జాగౌరి యను పేరును, సంతానదేవత యను వివరణమును వ్రాయుచున్నారు. మొదటిది తరువాతికాలపు కథనుండి వచ్చినది. రెండవది అలంపురపు పూజకు తగినది, విజయపురికి చాలనిది. ఖండువులాదేవి మూర్తిక్రింద నైనను ముందుగా ఆమె పేరును, అవిధవా, జీవపుతా యను నామె చెక్కించిన రెండు పదములను, వాని తెలుగర్థమును పెద్దయక్షరములతో వ్రాయించి, లజ్జాగౌరి యను పేరును దాని తరువాత చేర్చుట యుచితము. ఆ ద్వీపమునకు పడవపై వచ్చి చూచు స్త్రీలలో పెక్కండ్రు తెలుగువారు. ఐదువ యను మాట తెలిసినవారు.